దడాల రఫేలు రమణయ్యగారు

మన చోడవరమునుండి ఒకపూట ప్రయాణములో నున్న యానాము, గోదావరీ తీరపు చిన్న పట్టణము. 1947లో ఆంగ్లేయులు దేశమును విడిచిపోయినను అచ్చట ఫ్రెంచి పతాకము దిగలేదు.

యానాము చెంత ఫరంపేటలో 1908లో రమణయ్యగారు జన్మించిరి. పెరిగి పుదుచ్చేరిలో ఫ్రెంచి పోలీసు కొలువునఁ జేరిరి. తానెవరి జీతము తినెనో వారికే యెదురు నిలుచుట యెట్టివానికైనను సులభము గాదు. కొలువును బోవును, ఇంటివారికిని భయమే. అయినను వారు స్వాతంత్ర్యపక్షమునే యెంచుకొనిరి.

1954 జూను 13న స్వచ్ఛందసేవకులను వెంటఁ బెట్టుకొని యానాము ప్రవేశించి, పోలీసు ఠాణాను వశపఱచుకొని, త్రివర్ణపతాకము నెత్తిరి.

జెండా ఒక్కనాఁడే యెక్కెను గాని కాగితములు మెల్లగా నడచినవి. అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి భారత ప్రతినిధులు 178 మందిలో 170 మంది విలీనమునకు సమ్మతించిరి. నవంబరు 1న పాలనము మన దేశమునకు వచ్చెను. 1956లో సంధిపత్రము వ్రాయఁబడెను. అల్జీరియా యుద్ధమునఁ జిక్కుకొనిన ఫ్రాన్సు దాని నామోదించుటకు మఱి యాఱేండ్లు పట్టెను. 1962 ఆగస్టు 16 వఱకును, పాలించుచున్నది మనమే యైనను, చట్టరీత్యా యానాము పరులదే!

రమణయ్యగారు ఆ దినమును గన్నులారఁ జూచిరి. తరువాత తమ పోరాటకథను గ్రంథముగా వ్రాసి, 1991లో కాలధర్మము నొందిరి.