డిటెక్టివ్ కథలు రాసిన పాదిరి గారి అమ్మాయి

ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఇబ్రహీంపట్నంలో ఒక తల్లి మా దగ్గరకు వచ్చారు. ఆమె చేతిలో ఒక ఇంగ్లీషు నవల ఉంది. సాగర్ రోడ్డు మీది ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చదివే కూతురి సంచిలో దొరికిందట. ఒక పల్లెటూళ్లో హత్య జరుగుతుంది, పోలీసులు చేతులెత్తేస్తారు, ఊళ్లోని ఒక ముసలామె టీ తాగుతూ, అల్లిక అల్లుకుంటూ హంతకుణ్ణి కనిపెడుతుంది. అమ్మాయి, ఆమె స్నేహితురాళ్లు కాలేజీ బస్సులో ఇలాంటివే చదివి, ఒక్కో పుస్తకానికి ఇన్ని నక్షత్రాలని మార్కులు కూడా వేస్తారట. విశ్వాసుల ఇంట పెరిగిన పిల్ల హత్యల కథలు చదవవచ్చా అన్నది ఆ తల్లి ప్రశ్న.

ప్రశ్న కొత్తది కాదు. మా చిన్నతనంలో అద్దె పుస్తకాల దుకాణం నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చుకుని, పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన పిల్లలు పాస్టర్ల ఇళ్లలోనూ ఉన్నారు. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పి పంపడం మాకు ఇష్టం లేకపోయింది. ఇలాంటి నవలలు రాసి, ఇతరులు రాసినవాటికి వారం వారం మార్కులు వేసి, ఆ తర్వాత అదే కలంతో ప్రభువు జీవితాన్ని నాటకాలుగా రాసిన ఒక పాదిరి గారి అమ్మాయి కథ ఆమెకు చెప్పాం. అదే ఈ వారం మా పాఠకులకూ చెబుతున్నాం.

డొరొతీ ఎల్. సేయర్స్ 1893 జూన్ 13న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి హెన్రీ సేయర్స్ ఆంగ్లికన్ పాదిరి. అక్కడి కెథడ్రల్ గాయకబాలుర పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. అమ్మాయికి నాలుగేళ్లప్పుడు ఆయన ఫెన్స్ అనే పల్లపు ప్రాంతంలోని బ్లంటిషమ్ గ్రామ సంఘానికి కాపరిగా వెళ్లారు. చుట్టూ నీళ్లు, కాలువలు, కట్టలు. చెరువు అలుగు పారితే ఊరంతా కట్ట మీదికి చేరే మన ఇబ్రహీంపట్నం వారికి అలాంటి ఊరిని ఊహించుకోవడం కష్టం కాదు. అక్కడే తండ్రి ఆ పిల్లకు ఏడేళ్లు నిండకముందే లాటిన్ నేర్పడం మొదలుపెట్టారు.

ఆమె 1912లో ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ మహిళా కళాశాలలో చేరి, 1915లో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష రాయనిచ్చిన విశ్వవిద్యాలయం పట్టా మాత్రం ఇవ్వలేదు. ఆడవారికి పట్టాలిచ్చే ఆచారం అప్పటికి అక్కడ లేదు. 1920లో ఆ నియమం మారినప్పుడు పట్టా అందుకున్న మొదటి స్త్రీలలో ఆమె ఒకరు. 1922లో లండన్‌లోని ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగం దొరికింది. పగలు ఆవపొడికీ బీరుకూ ప్రకటనలు రాసేవారు, మిగిలిన వేళల్లో నవలలు రాసేవారు.

1923లో మొదటి నవల వచ్చింది. అందులో లార్డ్ పీటర్ విమ్సీ అనే సంపన్నుడు పరిశోధకుడు. అతను పోలీసు కాడు, జీతం తీసుకోడు, సరదా కోసం నేరాల వెంట పడతాడు. అంతవరకూ అయితే అది మామూలు కాలక్షేపమే. కాని ఆ మొదటి కథలోనే సేయర్స్ ఒక పని చేశారు. నేరస్థుడెవరో తెలిసిన క్షణంలో విమ్సీ చప్పట్లు కొట్టడు, కుప్పకూలిపోతాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని చావులోకి పంపిన మనిషి, ఇప్పుడు తన తెలివి మరో మనిషిని ఉరికంబం దాకా నడిపిస్తుందని గ్రహించి వణికిపోతాడు. 1937లో వచ్చిన చివరి విమ్సీ నవల కూడా ఉరి అమలయ్యే తెల్లవారుజామున అతను ఏడుస్తుండగానే ముగుస్తుంది. పాపిని పట్టుకోవడం ఆట కాదని ఆ రెండు నవలలూ చెబుతాయి.

ఈ కథలు రాసిన మనిషికి తనదైన ఒక రహస్యం ఉంది. మొదటి నవల వచ్చిన ఏడాదే ఆమె గర్భవతి అయ్యారు. ఆమెకు పెళ్లి కాలేదు. ఆ మనిషి ఆమెను పెళ్లాడే స్థితిలో లేడు. అనారోగ్యమని చెప్పి ఉద్యోగానికి సెలవు పెట్టి, 1924 జనవరి 3న ఒక మగబిడ్డను కన్నారు. పిల్లల్ని పెంచి జీవనం సాగించే తన దగ్గరి బంధువు ఒకరికి ఆ బిడ్డను అప్పగించారు. మొదట వేరెవరి బిడ్డో అన్నట్టు ఉత్తరం రాసి, ఆ తర్వాతే తన బిడ్డ అని ఆమెకు చెప్పుకున్నారు. పెంపకానికి డబ్బు పంపుతూనే వచ్చారు. 1926లో ఒక పాత్రికేయుణ్ణి పెళ్లాడారు. కొన్నేళ్లకు ఆ పిల్లవాడికి భర్త ఇంటిపేరు వచ్చింది గాని, తల్లి ఇంట్లో బతికే భాగ్యం మాత్రం రాలేదు. తండ్రి 1928లో, తల్లి 1929లో చనిపోయారు. తమకొక మనవడు ఉన్నాడని వారికి చివరిదాకా తెలియదు. లోకానికి తెలిసింది ఆమె మరణం తర్వాత చాలా ఏళ్లకు.

ఆమె చేసినదాన్ని మేము ఒప్పని చెప్పడం లేదు. ఆమె కూడా అది ఒప్పని ఎక్కడా వాదించలేదు. మమ్మల్ని ఆపేది వేరొక సంగతి. ఆమె తండ్రి క్షమాపణను గురించి జీవితమంతా ప్రసంగించిన దైవసేవకుడు. కూతురికి లాటిన్ చెప్పిన ప్రేమగల తండ్రి. అయినా ఆ కూతురు తన జీవితంలోని అతి పెద్ద కష్టాన్ని ఆ ఇంటి గడపలోపల చెప్పుకోలేకపోయింది.

ఇక ఆమె మార్కులు వేసిన సంగతి. 1928లో ఆమె డిటెక్టివ్ కథల సంకలనం ఒకటి కూర్చారు. ఈ రకం కథకు మూలాలు ఎక్కడున్నాయో వెతుకుతూ దానియేలు పేరిట ఉన్న రెండు కథల దగ్గరకు వెళ్లారు. అవి మన ప్రొటెస్టెంట్ బైబిలులో ఉండవు. కథోలికుల బైబిలులో దానియేలు గ్రంథం 13, 14 అధ్యాయాలు. సూసన్న అనే స్త్రీ మీద ఇద్దరు పెద్దలు అపవాదు వేస్తారు. వారు పెద్దలు కాబట్టి సభ నమ్మేస్తుంది, మరణశిక్ష విధిస్తుంది. యువకుడైన దానియేలు అడ్డుపడి, ఆ ఇద్దరినీ విడదీసి, ఆమెను ఏ చెట్టు కింద చూశారని ఒక్కొక్కరినీ అడుగుతాడు. ఇద్దరూ రెండు వేర్వేరు చెట్ల పేర్లు చెబుతారు. నిర్దోషి బతుకుతుంది. రెండో కథలో గుడి నేల మీద బూడిద చల్లించి, రాత్రి దొంగచాటుగా వచ్చి నైవేద్యం తినేవారి అడుగుజాడల్ని పట్టిస్తాడు. మన బైబిలులోనే ఉన్న సొలొమోను తీర్పు, 1 రాజులు 3వ అధ్యాయంలో ఇద్దరు తల్లుల కథ, ఇదే కోవకు చెందుతుంది.

1933 నుంచి 1935 దాకా ఆమె లండన్‌లోని సండే టైమ్స్ పత్రికకు డిటెక్టివ్ నవలల సమీక్షకురాలిగా పనిచేశారు. ఆ రెండేళ్లలో మూడు వందలకు పైగా పుస్తకాల మీద తీర్పు చెప్పారు. ఆమె కొలబద్ద మూడు సంగతుల మీద నిలిచింది. పాఠకుడికి ఆధారాలన్నీ చూపించారా లేక కీలకమైనదాన్ని దాచి మోసం చేశారా? భాష శుభ్రంగా ఉందా? పాత్రలు మనుషులేనా లేక కదిపే పావులా? 1930లో కొందరు రచయితలు కలిసి డిటెక్షన్ క్లబ్ అని పెట్టుకుంటే ఆమె అందులో ముందున్నారు. ఫాదర్ బ్రౌన్ అనే పాదిరిని పరిశోధకుడిగా చేసి కథలు రాసిన చెస్టర్టన్ దానికి మొదటి అధ్యక్షుడు. పాఠకుడి దగ్గర ముఖ్యమైన ఆధారాన్ని దాచబోమని, కాకతాళీయంతోనో దివ్య దర్శనంతోనో చిక్కుముడి విప్పబోమని సభ్యులు ప్రమాణం చేసేవారు. 1949లో ఆమే అధ్యక్షురాలై చనిపోయేదాకా కొనసాగారు. కథలోనైనా సరే, సాక్ష్యం లేకుండా ఎవరినీ దోషి అనకూడదన్నది వారి నియమం. సంఘంలో మనం ఆ నియమాన్ని పాటిస్తున్నామా?

1927 నాటి ఒక విమ్సీ నవలలో మిస్ క్లింప్సన్ అనే అవివాహిత వృద్ధురాలు వస్తుంది. భక్తిపరురాలు, ఆరాధన తప్పదు. విమ్సీ కోసం ఊళ్లో ఆరాలు తీస్తుంటుంది. ఒకరోజు చర్చిలో ఆమెకు ఒక కాగితం దొరుకుతుంది. ఎవరో పాదిరి దగ్గర ఒప్పుకోవడానికి తమ పాపాలు రాసుకున్న చీటీ అది. చదివితే హత్య గుట్టు తెలియవచ్చు. కాని అది దేవునికీ ఆ మనిషికీ మధ్య మాట. ఆమె మనస్సాక్షితో పడే పెనుగులాట ఆ నవలలో హత్య కంటే బరువైనది. ఒకరి పాపపు చీటీ చేతిలో పడితే మనలో ఎందరికి ఆ పెనుగులాట ఉంటుంది? మనం చదవడమే కాదు, ఫోటో తీసి నలుగురికీ పంపుతాం.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట మేము పరిచర్య చేసిన ఒక గ్రామ సంఘంలో ఒక అమ్మాయి గురించి మాట పుట్టింది. కమిటీలో పెద్దలు చెప్పారు, మేము విన్నాం. ఆ అమ్మాయిని పిలిచి అడగలేదు, చెప్పినవారిని విడివిడిగానూ అడగలేదు. రెండు ఆదివారాల తర్వాత ఆ కుటుంబం గుడికి రావడం మానేసింది. ఆ మాట నిజమో కాదో మాకు నేటికీ తెలియదు. నిజమే అయినా మేము చేసింది తప్పే. దానియేలు కథ చదివి ఉండి కూడా మేము ఆ పెద్దల వైపే కూర్చున్నాం.

సేయర్స్ 1934లో రాసిన నవలలో తన చిన్ననాటి ఫెన్స్ నేలనూ, పెద్ద గంటలున్న ఒక గ్రామ దేవాలయాన్నీ, మతిమరుపు పాదిరిని చూపించారు. ఆ కథ చివర వరద వస్తుంది. ఊరంతా ఎత్తున ఉన్న ఆ గుడిలోకి చేరుతుంది. మంచివారు, చెడ్డవారు అని తేడా లేకుండా పాదిరి అందరికీ చోటూ తిండీ ఏర్పాటు చేస్తాడు. తండ్రికి చెప్పుకోలేకపోయిన కూతురు కథలో మాత్రం అందరినీ లోపలికి రానిచ్చే గుడిని కట్టుకుందని మాకు అనిపిస్తుంది.

1937 తర్వాత ఆమె ఇంకో విమ్సీ నవల పూర్తి చేయలేదు. ఆ ఏడే కాంటర్బరీ కెథడ్రల్ ఉత్సవానికి, గర్వంతో పడిపోయిన ఒక శిల్పి గురించి నాటకం రాశారు. 1941 డిసెంబరు నుంచి 1942 అక్టోబరు దాకా బీబీసీ రేడియోలో క్రీస్తు జీవితం మీద ఆమె రాసిన పన్నెండు నాటకాలు వచ్చాయి. శిష్యులు వీధిలో మనుషులు మాట్లాడే భాష మాట్లాడటం, ప్రభువు మాటల్ని ఒక నటుడు పలకడం ఎందరికో కోపం తెప్పించింది. మొదటి నాటకం వినకముందే ఆపించాలని అర్జీలు వెళ్లాయి. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాను చేతికి చిక్కితే అది ఈ నాటకాల మీద దేవుని తీర్పేనన్నవారూ ఉన్నారు. నాటకాలు ఆగలేదు. బైబిలు తెరవని ఇళ్లలోకి సువార్త రేడియో గుండా వెళ్లింది.

1943లో కాంటర్బరీ ఆర్చిబిషప్ విలియం టెంపుల్ ఆమెకు డాక్టర్ ఆఫ్ డివినిటీ గౌరవం ఇవ్వజూపారు. ఆమె వద్దన్నారు. తన రహస్యమే ఆమెను వెనక్కు లాగిందా అన్నది మనం తీర్పు చెప్పగల సంగతి కాదు. ఆ తర్వాత యాభై దాటిన వయసులో ఇటాలియన్ కవి డాంటేను చదవడం మొదలుపెట్టి, నరకం, శుద్ధీకరణ, పరలోకం అనే మూడు భాగాల ఆయన కావ్యాన్ని అనువదించడానికి పూనుకున్నారు. రెండు భాగాలు అచ్చయ్యాయి. పరలోకపు భాగం సగంలో ఉండగా 1957 డిసెంబరు 17న హఠాత్తుగా కన్నుమూశారు. తన ఆస్తి మొత్తాన్ని ఆమె ఆ కుమారుడికే రాశారు. బతికి ఉండగా నలుగురిలో చెప్పలేని మాటను వీలునామాలో చెప్పారు.

ఆ తల్లితో చివరికి మేము అన్నదిదే. అమ్మాయిని చదవనివ్వండి, మీరూ ఒకటి చదవండి. నక్షత్రాలు వేసేటప్పుడు మూడు సంగతులు చూడమనండి. రచయిత ఆధారాల విషయంలో నిజాయితీగా ఉన్నారా? అందులో చావు బరువుగా ఉందా, బొమ్మలాటలా ఉందా? తప్పు చేసినవాడు పట్టుబడ్డాక కూడా మనిషిగానే మిగిలాడా? ఈ మూడూ లేని పుస్తకాన్ని ఆ పిల్లే పక్కన పెడుతుంది.

సంఘ పెద్దలకూ తోటి కాపరులకూ మా మనవి ఇంకొకటి. మన అమ్మాయి సంచిలో ఏ పుస్తకం ఉందో వెతకడానికి ముందు, ఆమె గుండెలో ఏదైనా బరువు ఉంటే దించుకోవడానికి మన ఇంటికి రాగలదా అని అడుగుదాం. రాళ్లు పట్టుకున్నవారి నడుమ నిలబెట్టిన స్త్రీ విషయంలో మన ప్రభువుకు ఆధారాలన్నీ తెలుసు, నేరం కూడా తెలుసు. అయినా ఆయన ఆమెను శిక్షించలేదు, ఇక పాపం చేయవద్దని చెప్పి పంపాడు. సత్యాన్ని వెతికే దానియేలు మనస్సునూ, దొరికిన పాపిని ఆదరించే క్రీస్తు మనస్సునూ దేవుడు మన సంఘాలకు అనుగ్రహించును గాక. ఆమేన్.