ఉలియు బలపమును: ఊనో సిగ్నేయుసు జీవితము

అక్షరము నేర్చినవాడు ఉలిని ముట్టనక్కఱలేదనియు, ఉలిని పట్టినవానికి అక్షరముతో పనిలేదనియు తలచుట పెక్కు దేశములందు తరతరములుగ వచ్చిన దురభ్యాసము. మన దేశమున నీ తలంపు ఎంత లోతుగ వేరూనినదో చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. తలుపు చేయించుకొను గృహస్థునకు చెక్క పోకడ తెలియదు. తలుపు చేయు వడ్రంగికి తన లెక్కను కాగితముపై నుంచుట తెలియదు. ఇట్టి యిరువురును సగము విద్యావంతులే. ఈ రెండు సగములను పసివాని బడిలోనే యొకటిగ కూర్పవలెనని పట్టుపట్టి, ఆ కోరికను ఒక దేశపు శాసనమున కెక్కించిన మహాశయుడు ఊనో సిగ్నేయుసు. ఫిన్లండు ప్రజలు ఆయనను తమ ప్రాథమిక పాఠశాలకు జనకుడని చెప్పుకొందురు.

1809లో ఫిన్లండు స్వీడను చేతినుండి రష్యా చక్రవర్తి చేతికి పోయెను. ఆ మఱుసటి యేట, 1810 అక్టోబరు 12వ తేదీన, హామెన్లిన్నా పట్టణమున సిగ్నేయుసు జన్మించెను. ప్రభుత్వము రష్యా చక్రవర్తిది; కచ్చేరీలలోను కళాశాలలలోను చెల్లుబడి స్వీడిషు భాషది; పొలము దున్ను జనసామాన్యము పలుకునది ఫిన్నిషు భాష. సిగ్నేయుసు పుట్టినది స్వీడిషు పలుకు చదువరుల వర్గమునందే. పల్లెలలో చదువనగా మతగురువుల పర్యవేక్షణలో ప్రశ్నోత్తరమాలికను చదువనేర్చుటయే. చదువగలవారు పలువురుండిరి, వ్రాయగలవారు కొలదిమందియే. బ్రదుకు తెరువునకు పనికివచ్చు విద్యను ప్రజల భాషలో ప్రజల బిడ్డలకు చెప్పు బడి దాదాపుగ లేదు.

సిగ్నేయుసు మతగురువుగ జీవితమును ప్రారంభించెను. 1839లో రష్యా అమెరికా కంపెనీవారి కొలువున, ఆనాడు రష్యావారి యధీనమందున్న అలాస్కా తీరమునకు బయలుదేరి, సిట్కా రేవులో అయిదేండ్లు ఉపదేశిగ నుండెను. అచ్చట ఫిన్లండు నుండి పోయిన నావికులును పనివారును ఉండిరి. స్వదేశమునుండి సరకు రావలెనన్న భూగోళమును సగము చుట్టి యోడ రావలయును. అట్టిచోట, విఱిగిన వస్తువును బాగుచేసికొనగల చేతికి విలువ యెంతటిదో ఊహించుట కష్టము కాదు.

1845లో అలాస్కాను విడిచి, మఱుసటి యేట పీటర్సుబర్గు నగరమందలి ఫిన్నిషు సంఘమువారి పాఠశాల నిర్వాహకత్వమును వహించెను. అచ్చట గడపిన పండ్రెండేండ్లలో ఆయన మనస్సు పక్వమయ్యెను. స్విట్జర్లాండు విద్యావేత్త పెస్టలోజీ గ్రంథములును, జర్మనీ విద్యావేత్త ఫ్రోబెలు గ్రంథములును ఆయనకు గురువులయ్యెను. మాటకు ముందు వస్తువును బిడ్డ కంటికి చూపవలెనని పెస్టలోజీ బోధించెను. ఫ్రోబెలు మఱియొక యడుగు ముందునకు వేసి, కొయ్యదిమ్మలు, పుల్లలు, కాగితపు మడతలు, అల్లికలు, మట్టిబొమ్మలు పసివారి చేతికిచ్చి, ఆటలోనే ఆకారమును, సంఖ్యను, పొందికను నేర్పెను. సిగ్నేయుసు నీ మార్గమును మెచ్చుకొని ఒక ప్రశ్న వేసికొనెను. ఏడేండ్లు నిండి బిడ్డ పెద్దబడికి వచ్చినతోడనే ఆ చేతులను కట్టివేసి బల్లపై కూర్చుండబెట్టుట యేల? పసితనమున దిమ్మలు పేర్చిన చేయి, ఎదిగినకొలది కత్తిని, ఱంపమును, చిత్రికను ఏల పట్టరాదు? ఆయన జీవితకృషి యంతయు నీ ప్రశ్నకు సమాధానమే.

అవకాశము తడవుగ వచ్చెను. 1856లో రెండవ అలెగ్జాండరు చక్రవర్తి ఫిన్లండునకు వచ్చి, గ్రామపాఠశాలల స్థాపనమును ఆలోచింపుమని అచ్చటి సెనేటును ఆజ్ఞాపించెను. ఆ సందర్భమున సిగ్నేయుసు తెలిపిన యభిప్రాయము పెద్దల దృష్టి నాకర్షించెను. 1858లో ఆయనను ఐరోపా దేశముల పాఠశాలలను చూచి రమ్మని పంపిరి. స్వీడను, డెన్మార్కు, జర్మనీ, స్విట్జర్లాండు మున్నగు దేశములు తిరిగెను. స్విట్జర్లాండులో వెట్టింగెను నందలి ఉపాధ్యాయ శిక్షణాలయము ఆయనను మిగుల నాకర్షించెను. ఉపాధ్యాయులు కాబోవు యువకులు అచ్చట పుస్తకముతోపాటు పొలమునందును పనిచేయుచుండిరి. తిరిగివచ్చి తన యోజనను ప్రభుత్వమునకు సమర్పించెను. 1861లో దేశమందలి ప్రజాపాఠశాలలకు ప్రధాన పరీక్షాధికారిగ నియమితుడయ్యెను.

ఆయన సిద్ధాంతము నిచ్చట కొంత విపులముగ చెప్పవలసియున్నది. బడిలో చేతిపని యనగా వడ్రంగులను తయారుచేయుట యని ఆనాడు పలువురు తలచిరి. నేడును తలచువారు లేకపోలేదు. సిగ్నేయుసు ఉద్దేశము అది కాదు. ఆకారమును నిదానించు చూపును, సౌందర్యమును గుర్తించు రుచియు, ఏ పనికైనను లొంగు హస్తకౌశలమును అలవడుటయే ఆయన కోరిన ఫలము. బాలుడు చేయదలచిన వస్తువును మొదట మనస్సున రూపించుకొని, కొలిచి, గీచి, పిమ్మట కొయ్యను కోయును. కోత తప్పినచో ఉపాధ్యాయుడు కోపింపనక్కఱలేదు. అతుకు కలియకపోవుటయే తప్పును చూపును. మాటతో పొరపాటును కప్పిపుచ్చవచ్చును గాని వంకరపోయిన పలకను కప్పిపుచ్చుట యెట్లు? సత్యమును, ఓర్పును, లెక్కను ఒక్కమారుగ నేర్పు పాఠ మిది.

ఇందుండియే ఆయన రెండవ నియమము పుట్టెను. ఈ పనిని నేర్పవలసినవాడు వెలుపలనుండి కూలికి వచ్చిన పనివాడు కాదు, బడి పంతులే. పనివాని దృష్టి వస్తువుపై నుండును, పంతులు దృష్టి బిడ్డపై నుండును. అంతియే కాదు. లెక్కలు చెప్పిన పంతులే ఱంపము పట్టుట చూచిన బిడ్డకు, చేతిపని చదువుకన్న తక్కువదను తలంపే పుట్టదు. ఒక దేశమున శ్రమకు గౌరవము కలుగవలెనన్న నూఱు ఉపన్యాసములకంటె నీ యొక్క దృశ్యము ఎక్కువ పనిచేయును.

కాని అట్టి పంతులెక్కడ దొరకును? దొరకనిచో తయారుచేయవలెను. 1863లో యువాస్కులా పట్టణమున ఉపాధ్యాయ శిక్షణాలయము తెఱవబడెను. 1869 వఱకు సిగ్నేయుసే దానికి అధ్యక్షుడు. బోధన ఫిన్నిషు భాషలోనే. స్త్రీలును పురుషులును అచ్చట ఉపాధ్యాయులుగ శిక్షణ పొందిరి. మాదిరి పాఠశాలయు, తోటయు, పనిశాలయు అందు భాగములు. స్వీడిషు పలుకు కుటుంబమున పుట్టినవాడు ప్రజల భాషకు ఇట్టి పీఠమును కట్టుట గమనింపదగినది. ఆ విత్తనమే పెరిగి నేడు యువాస్కులా విశ్వవిద్యాలయమైనది.

1866లో ప్రజాపాఠశాలల శాసనము వెలువడెను. గ్రామపాఠశాలలలో బాలురకు చేతిపని నిర్బంధ పాఠ్యవిషయమయ్యెను. ఒక దేశపు ప్రాథమిక విద్యలో చేతిపనికి ఇట్టి స్థానము నిచ్చుటలో ఫిన్లండే మొదటిదని విద్యాచరిత్రకారులు చెప్పుదురు. ఆ ముహూర్తము మంచిది కాదు. 1866 మొదలు 1868 వఱకు క్షామము దేశమును దహించెను. జనసంఖ్యలో నూటికి ఇంచుమించు ఎనమండుగురు మరణించిరి. తిండికి లేనప్పుడు బడులెందుకను ప్రశ్న పుట్టుట సహజము. మతగురువులలో పలువురు, బడి తమ చేయి జాఱిపోవుచున్నదని ప్రతిఘటించిరి. తానే మతగురువైన సిగ్నేయుసు, బడి దేవాలయమునకు అనుబంధము కారాదని నిలిచెను.

ఆయన భావము దేశపు ఎల్లలను దాటుటకు ఒక స్వీడను పౌరుడు కారణమయ్యెను. నేస్ అను చోట ఓట్టో సాలొమన్ కుటీర పరిశ్రమలకు తోడ్పడుటకై చేతిపని నేర్పించుచుండెను. 1877లో ఆయన ఫిన్లండునకు వచ్చి సిగ్నేయుసును కలిసికొనిన పిమ్మట, ఆదాయముకన్న శిక్షణమే ముఖ్యమను మార్గమునకు మఱలెను. పూలమొక్కకు ఆనించు పుల్ల, గరిటె, గొడ్డలి కామ మున్నగు వానితో, సులభమునుండి కష్టమునకు పోవు వస్తువుల వరుసను ఆయన ఏర్పఱచెను. స్లాయిడు అను పేర నీ పద్ధతిని నేర్చుకొనుటకు నానాదేశముల ఉపాధ్యాయులు నేస్‌నకు వచ్చిరి.

సిగ్నేయుసు కృషిలో లోపములు లేకపోలేదు. బాలురకు కొయ్యపని, బాలికలకు కుట్టుపని యను విభాగము నూఱేండ్లకు పైగ నిలిచెను. బడికి పోవుట నిర్బంధమను శాసనము 1921లో గాని రాలేదు; అంతవఱకు పెక్కుమంది పేదబిడ్డలకు ఆ పనిశాల దూరముగనే యుండెను. కాని నాటిన చెట్టు చావలేదు. నేడు ఫిన్లండు పాఠశాలలలో చేతిపని బాలబాలికలకందఱకు ఒక్కటే పాఠ్యవిషయము. రూపకల్పనమును, యంత్రపరిజ్ఞానమును దానిలో చేరినవి.

1888 జనవరి 2వ తేదీన ఆ మహాశయుడు హెల్సింకి నగరమున కన్నుమూసెను. అటుపిమ్మట దాదాపు ఏబదియేండ్లకు, 1937లో, వార్ధాలో గాంధీమహాత్ముడు చేతివృత్తి మూలమున విద్య నేర్పవలెనని దేశమునకు చెప్పెను. బిడ్డల చేతిపనిపై వచ్చు రాబడితో బడిఖర్చు గడువగలదా యను వాదమున మనవారు మునిగిరి. సిగ్నేయుసు ఆ భారమును పసిచేతులపై మోపలేదు. చేతిపనికి బిడ్డ యెదుగుదలయే చాలినంత ఫలమని నమ్మెను. పరుల యేలుబడిలో, క్షామములో, కొద్దిపాటి జనముతో ఫిన్లండు ఇది సాధింపగలిగెను. మన బిడ్డ మొదటితరగతినుండి బలపముతోపాటు చిన్నకత్తిని, కొలబద్దను పట్టి, తాను తలచినదానిని తానే చేసి చూచుకొనుటకు నేడు అడ్డము వచ్చునది ధనలోపమా, లేక తన కుమారుడు ఉలి పట్టుటకు సిగ్గుపడు తండ్రియా? ఈ ప్రశ్నకు జవాబు ప్రభుత్వముకంటె ముందు గృహస్థులే చెప్పవలసియున్నది.