మూడో రోజు తలుపు తట్టే ఆశమ్మకు

ఆసుపత్రి నుంచి మనిషి ఇంటికొచ్చాడంటే గండం గడిచిందనుకుంటాం. దిష్టి తీసి లోపలికి పిలుస్తాం. చుట్టాలు వస్తారు, బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు బత్తాయిలు మంచం పక్కన పెట్టి పలకరించి పోతారు. రెండు రోజులకల్లా ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతారు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయానికి సంచి భుజాన వేసుకుని మా బైరెడ్డిపల్లె వైపు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే మనిషి ఒకామె ఉంది. సర్కారు కాగితాల్లో ఆమె ఆశా కార్యకర్త. మాకు మాత్రం ఆశమ్మ.

జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005 ఏప్రిల్ 12న మొదలైంది. దాంతోపాటు పుట్టిన ఈ ఆశా వ్యవస్థకు ఇరవై ఏళ్ళు నిండాయి. సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశ, అదీ ఆ ఊళ్ళోనే కాపురముండే ఆడమనిషి కావాలన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. ఈ వ్యవస్థకు ప్రాణం ఆ నియమంలోనే ఉందని నా నమ్మకం. పైఊరి నుంచి వచ్చినామె వరండాలో నిలబడి అడిగి రాసుకుని పోతుంది. ఆశమ్మ వంటింటి దాకా వస్తుంది.

కాన్పయిన ఇంటికి ఆమె వెళ్ళడం చూడాలి. ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. బిడ్డను గుడ్డ ఉయ్యాలలో పడుకోబెట్టి, స్ప్రింగు త్రాసుకు తగిలించి, ముల్లు నిలిచేదాకా కన్నార్పకుండా చూస్తుంది. చంకలో థర్మామీటరు పెడుతుంది. బొడ్డు చూస్తుంది. డొక్కలెగరేస్తోందేమోనని బిడ్డ ఊపిరి గమనిస్తుంది. బాలింతకు జ్వరముందా, రక్తం ఎక్కువగా పోతోందా అని గొంతు తగ్గించి అడుగుతుంది. ఇంతలో ఇంటి పెద్దావిడతో మాట కలుస్తుంది.

“ఏమత్తా, బిడ్డ పాలు తాగతా ఉందా?”

“తాగతా ఉంది గానీ చాల్లేదేమో అని రవ్వంత తేనె నాకిద్దామనుకుంటిమ్మా.”

“వద్దత్తా. ఆరు నెల్లు తల్లిపాలే. నీళ్ళు గూడా వద్దు.”

అదే మాట గోడమీద బొమ్మ వేసి రాస్తే ఆ అత్త వినదు. ఎదురింటి కోడలు చెప్పింది కాబట్టి వింటుంది.

ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, మొత్తం ఆరుసార్లు ఆశమ్మ ఆ ఇంటికి రావాలి. ఈ లెక్క ఊరికే వచ్చింది కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ ఊరి ఆడవాళ్ళకే పసిబిడ్డల సంరక్షణ నేర్పించి ఇళ్ళకు పంపారు. అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ అనుభవమే 2011లో దేశమంతటి ఆశాల పని అయింది.

పసిబిడ్డలతోనే ఆమె పని తీరదు. మాది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. గుండె నొప్పి అంటే బెంగళూరు, పెద్ద జబ్బంటే వేలూరు, లేకుంటే కుప్పం, కోలారు, తిరుపతి. అక్కడ వైద్యం మంచిదే. కానీ వేలూరులో అరవంలోనూ, కోలారులో కన్నడంలోనూ చెప్పిన జాగ్రత్తలు బస్సు దిగేసరికి సగం మరుపు. చేతిలో మిగిలేది ఇంగ్లీషు డిశ్చార్జి చీటీ. దాన్ని ఏఎన్‌ఎం దగ్గరికో పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికో తీసుకెళ్ళి అడిగి, పొద్దుటి మాత్రలు ఒక డబ్బాలో, రాత్రివి ఇంకో డబ్బాలో వేసిచ్చే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఆ పనికి పారితోషికం పట్టికలో గడి ఉందో లేదో చూసుకోకుండా చేసే ఆశమ్మలున్నారు.

క్షయ సంగతి మా ప్రాంతానికి బాగా తెలుసు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. ఒకప్పుడు క్షయ అంటే నెలల తరబడి ఇల్లు వదిలి ఉండటమే. ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో వాడినట్టే నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధకులు తేల్చారు. అయితే మందు మానకూడదు. దగ్గు తగ్గగానే మాత్రలు పక్కన పడేసేవాళ్ళను ఆరు నెలలూ వెంటబడి మింగించడమే ఆశమ్మ వంతు.

2022 మే 22న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ప్రకటించింది. ఆ గౌరవంలో మా ఊరి సందుల్లో నడిచిన కాళ్ళకూ వాటా ఉంది. రాష్ట్రంలో వీళ్ళ గౌరవ వేతనం 2019లో పదివేలయింది. 2025 మార్చిలో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ళ దాకా పని ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. సంతోషం. పక్కింటి బాలింతకు ఇన్నేళ్ళు కాపలా కాసిన మనిషికి తన కాన్పుకు సెలవు ఇంత ఆలస్యంగా రావడం మాత్రం బాధే. స్వచ్ఛంద కార్యకర్త అన్న పేరు తీసేసి ఉద్యోగి అని రాయాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

ఆశమ్మా, నీకు మా ఊరి తరఫున చేతులెత్తి నమస్కారం. ఇక ఊరివాళ్ళకు ఒక్క మాట. మీ ఇంటికి ఆసుపత్రి నుంచి ఎవరైనా వచ్చిన పూటే ఆశమ్మకు ఫోను చేయండి, డిశ్చార్జి చీటీ ఆమె చేతిలో పెట్టండి, ఎండన పడి వస్తుంది కాబట్టి చెంబెడు మజ్జిగ ఇవ్వండి.