పోతప్రతిమల పోషకుడు హెన్రీ కోల్

గ్రంథాలయమున పుస్తకము తెఱచిన పాఠకునకు లభించునది కవి స్వహస్తముతో వ్రాసిన తాళపత్రము గాదు, దాని ప్రతి. అయినను కావ్యరసమున కించుకయు లోటు లేదు. శిల్పమునకును అట్టి ప్రతి యుండవచ్చునని నమ్మి, దేశదేశముల ఘనశిల్పముల ప్రతులను సామాన్యుల కన్నులయెదుట నిలిపిన వారిలో ఆంగ్లేయుడగు సర్ హెన్రీ కోల్ అగ్రగణ్యుడు.

ఇతడు 1808 జూలై 15న ఇంగ్లండులోని బాత్ పట్టణమున జన్మించెను. పదునైదవయేట ప్రాచీన దస్తావేజుల శాఖలో గుమాస్తాగా చేరి, ఆ పత్రములు పట్టించుకొనువారు లేక పాడగుట చూచి ఊరకుండలేక పై యధికారులతో కలహించెను. ఉద్యోగము పోయెను, మరల వచ్చెను. తుదకు 1838లో ఆ దస్తావేజులకు ప్రత్యేక కార్యాలయ మేర్పడెను. మనిషి మొండివాడు, కాని ఆ మొండితనమంతయు ప్రజోపయోగమైన పనులకే వినియోగపడెను. పెన్నీ తపాలా ప్రచారమునకు పాటుపడినవాడును, 1843లో తొలి క్రిస్మసు కార్డు నచ్చొత్తించినవాడును ఇతడే. 1851 నాటి లండను మహాప్రదర్శనమునకు ఇతడొక ముఖ్య సూత్రధారి. దానిని 60 లక్షలకు పైగా జనులు చూచిరి. మిగిలిన 1,86,000 పౌనుల ధనముతో సౌత్ కెన్సింగ్టనులో విశాలమైన స్థలము కొనబడెను. అచ్చట 1857లో తెఱవబడిన వస్తుప్రదర్శనశాలకు కోలే అధిపతి.

పగలెల్ల పనిచేయు కూలివానికి చూడ తీరిక యెప్పుడు? కోల్ ఈ ప్రశ్న వేసికొని, గ్యాసుదీపములు పెట్టించి రాత్రివేళలందును ఆ శాలను తెఱపించెను. వారమున మూడుదినములు ప్రవేశ ముచితము.

ఆ యేటనే మైకలాంజిలో చెక్కిన దావీదు విగ్రహమునకు ప్లాస్టరు ప్రతి ఇటలీనుండి వచ్చి చేరెను. ఆంగ్లేయులు కోరిన యొక ప్రాచీన చిత్రపటమును దేశము దాటనీయని టస్కనీ ప్రభువు, వారిని శాంతింపజేయుటకై ఆ ప్రతిని విక్టోరియా రాణికి బహూకరింపగా, ఆమె దానిని ప్రదర్శనశాల కిచ్చివేసెను. సుమారు 17 అడుగుల దిగంబరమూర్తి! రాణివాసపు స్త్రీలు వచ్చినపుడు తగిలించుటకై ప్లాస్టరుతోనే యొక అత్తియాకు చేయించి సిద్ధముగా నుంచిరి. ఆ యాకు నేటికిని భద్రముగా నున్నది.

ఇట్టి ప్రతిని చేయు విధము మన బొమ్మలకొలువు మట్టిబొమ్మల మూసలను చూచినవారికి సులభముగా బోధపడును. మూలవిగ్రహమునకు అంటుకొననట్లు పూతపూసి, దానిపై తడిప్లాస్టరును ముక్కలుముక్కలుగా పఱచి, గట్టిపడినపిదప ఊడదీయుదురు. ఆ ముక్కలను కూర్చిన మూస యగును. అందు మరల ప్లాస్టరు పోసినచో ఉలిదెబ్బల గుఱుతులతో సహా ప్రతిమ వెలువడును. చేయి తిరుగనివాడు పూనుకొన్నచో మూలవిగ్రహమునకే హాని. పోతపనివారికి గౌరవ మందువలననే.

1867లో పారిసు ప్రదర్శనమున కోల్ ప్రయత్నముచేత ఐరోపా రాకుమారులు పదునైదుగురు, తమ దేశముల శిల్పముల ప్రతులను ఇచ్చిపుచ్చుకొనుట కొక యొడంబడికపై సంతకము చేసిరి. ఆ ప్రతుల కొఱకు కట్టిన మహామందిరములు 1873లో తెఱవబడెను. రోముపురపు ట్రాజను స్తంభపు ప్రతి పైకప్పులో నిముడక రెండుఖండములుగా నిలిచెను. ఆ సంవత్సరమే ఫ్లారెన్సులో అసలు దావీదు విగ్రహమును ఎండవానలకు చెడకుండ వీథినుండి లోపలికి తరలించిరి. కోల్ ఉద్యోగవిరమణయు ఆ యేటనే. 1882 ఏప్రిల్ 18న ఆయన మరణించెను. తరువాతి తరమువారు పోతప్రతిమలను చులకనచేసి, పెక్కు చోట్ల పగులగొట్టిరి కూడ. లండనులో మాత్రము దావీదు చెక్కుచెదరక నిలిచియున్నాడు.

ఈ కథలో ఆంధ్రులకు సంబంధించిన భాగ మొకటి కలదు. గుంటూరు మండలమున అమరావతీ స్తూపశిలలను 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మదరాసునకు తరలించెను. వానిలో 120కి పైగా 1859లో ఓడనెక్కి లండను చేరెను. ప్రతి చేసి పంపి మూలమును స్వస్థానముననే యుంచవలెనన్న తలంపు నాడెవ్వరికిని రాలేదు. పదేండ్లు గడువకముందే సాంచీస్తూపపు తోరణమునకు అట్టి గండమే పట్టెను. ఫ్రెంచివారు దానిని తమ చక్రవర్తికై కోరిరి. ప్రభుత్వము తోరణమును కదల్పనీయక ప్రతులు చేయింప నిశ్చయించెను. ఆ పనికి నియుక్తుడైన సైనికోద్యోగి హెన్రీ హార్డీ కోల్, మన కథానాయకుని కుమారుడే. తండ్రి నాటిన తలంపు కొడుకు చేతిలో ఫలించెను. అతడు 1869-70లో సామగ్రిని ఎద్దుబండ్లపై చేర్చి, సుమారు 33 అడుగుల తూర్పుతోరణమునకు మూస తీసెను. లండను, పారిసు, బెర్లినులకు ప్రతులే వెళ్లెను.

ఆ స్తూపపు దక్షిణతోరణమున శాతకర్ణి రాజుగారి శిల్పులపెద్ద ఆనందుని దానశాసనము కలదు. శాతవాహనుల కాలపు ఆ యక్షరములు నేటికిని సాంచిలోనే యున్నవి. అమరావతి శిలలలో పెక్కింటిని చూడగోరు నాయుడుపేట వాసి చెన్నై ప్రదర్శనశాలకు పోవలెను. ఓడనెక్కినవానిని చూడవలెనన్నచో లండనే గతి.