నాడి చూడాలా... ఊపిరి చూడాలా?

పాతబస్తీ నుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే అఫ్జల్‌గంజ్. 1908 వరదలకు ముందు అక్కడున్న ఆసుపత్రిలో ఓ డాక్టరు ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. మత్తులో ఉన్న మనిషికి ప్రాణం మీదికి వస్తోందని దేన్ని చూసి పసిగట్టాలి? ఆయనే ఎడ్వర్డ్ లారీ. ఇంట్లో బీపీ మిషను, ఆక్సీమీటరు పెట్టుకున్న మీకు ఆయన కథ పనికొస్తుంది.

1846లో పుట్టిన లారీ ఎడిన్‌బరోలో పేరున్న సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యుడు. అప్పట్లో మానిటర్లు లేవు. గుడ్డ మీద క్లోరోఫాం పోసి ముక్కు దగ్గర పట్టేవారు. డాక్టరు కళ్లు, చెవులు, వేళ్లే పరికరాలు. 1848లో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయికి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తే నిమిషాల్లోనే చనిపోయింది. అలాంటి మరణాలు పెరిగేకొద్దీ వైద్యులు రెండుగా చీలిపోయారు. నాడి మీద వేలు తీయొద్దని కొందరు, ఊపిరి గమనిస్తే చాలని కొందరు. గురువు సైమ్ లాగే లారీది రెండో పక్షం.

హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు ఆయన ఈ వాదాన్ని పరీక్షకు పెట్టారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించారు. 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. దాని ఫలితాలను లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. నిజాం వెయ్యి పౌండ్లిచ్చి ఆ పత్రిక తరఫు నిపుణుడినే రప్పించారు. అలా 1889లో లాడర్ బ్రంటన్ అనుమానంతో వచ్చారు. జంతువులపై జరిగిన వందలాది ప్రయోగాలు చూశాక లారీతో ఏకీభవించారు. క్లోరోఫాం వల్ల ముందు ఆగేది ఊపిరేనని తేల్చారు. లారీ దగ్గర చదివి మత్తు ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెబుతారు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. మత్తు తేలికగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న లారీ మాట నిజమే. అదొక్కటే చాలనడం పొరపాటు. 1915లో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లో మానిటరు గుండె లయ, బీపీ, ఆక్సిజన్ కలిపి చూపిస్తుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ దాని శబ్దం స్థాయి దిగుతుంది. డాక్టరు చూపు వేరేచోట ఉన్నా చెవికి తెలిసిపోతుంది. ఒక గ్యాసు సిలిండరు మరోదాని చోట బిగుసుకోకుండా పిన్నుల అమరిక ఉంటుంది. మనిషి ఏమరుపాటు ముందే ఊహించి చేసిన ఏర్పాట్లివి.

మీ ఇంటి పరికరాలకు ఇంత తెలివి ఉండదు. ఓపీలో నేను తరచూ చూస్తుంటాను. పెద్దాయన ఆయాసపడుతుంటే, ఆక్సీమీటర్లో అంకె బాగానే ఉందని ఇంటివాళ్లు ధీమాగా ఉంటారు. గోళ్ల రంగు, ముదురు మెహందీ, చల్లబడిన చేతులు ఆ అంకెను తప్పుదోవ పట్టించవచ్చు. వేలు శుభ్రం చేసి, వెచ్చబరిచి మళ్లీ చూడండి. మనిషి మాట తడబడుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఛాతీ ఎగసిపడుతున్నా అంకె కోసం ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మిషన్ని చూడండి, మనిషిని అంతకన్నా బాగా చూడండి.