నాజీ నేరాలను బోనెక్కించిన ఫ్రిట్జ్ బావర్

నియంత పతనమైనంత మాత్రాన అతని సేవకులు మాయమైపోరు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం పశ్చిమ జర్మనీలో ప్రజాస్వామ్యం నెలకొన్నా, హిట్లర్ కాలపు న్యాయమూర్తులు, పోలీసు అధికారులు పలువురు పదవులలోనే కొనసాగారు. వారి నడుమనే పనిచేస్తూ నాజీల నేరాలను విచారణకు తెచ్చిన న్యాయాధికారి ఫ్రిట్జ్ బావర్.

1903 జూలై 16న స్టుట్‌గార్ట్ నగరంలో ఒక యూదు కుటుంబంలో ఆయన జన్మించారు. పిన్న వయసులోనే న్యాయమూర్తి అయ్యారు. సోషల్ డెమోక్రాట్ పార్టీకి చెందినవారు కావడంతో 1933లో నాజీ ప్రభుత్వం ఆయనను నిర్బంధ శిబిరంలో పెట్టి, ఉద్యోగం నుండి తొలగించింది. 1936లో డెన్మార్కుకు, 1943లో స్వీడన్‌కు తరలిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. 1949లో స్వదేశానికి తిరిగి వచ్చారు. రానక్కరలేదు, అయినా వచ్చారు.

1944 జూలై 20న హిట్లర్‌ను హతమార్చబోయి విఫలులైన వారిని దేశద్రోహులని నిందించిన రేమర్ అనే మాజీ సైనికాధికారిపై 1952లో బావర్ అభియోగం నడిపారు. అన్యాయమే పునాదిగా గల రాజ్యాన్ని ఎదిరించడం ద్రోహం కాజాలదని వాదించి నెగ్గారు. పడిన శిక్ష మూడు నెలలే. అయితేనేమి, ఉరికంబమెక్కిన వారి కుటుంబాలకు పోయిన పరువు దక్కింది.

1956లో హెస్సె రాష్ట్ర ప్రధాన ప్రాసిక్యూటర్ అయ్యారు. లక్షలాది యూదులను మరణ శిబిరాలకు తరలించే ఏర్పాట్లు నడిపిన ఐక్‌మన్ అర్జెంటీనాలో దాగి ఉన్నాడని 1957లో ఆయనకు సమాచారం అందింది. స్వదేశపు అధికారులకు చెబితే అతడికి ముందే ఉప్పందుతుందని శంకించి, రహస్యంగా ఇజ్రాయెల్‌కు తెలియజేశారు. తన ప్రభుత్వంలోని వారినే నమ్మలేని దుస్థితి అది. 1960లో ఐక్‌మన్ పట్టుబడ్డాడు. ఇందులో బావర్ పాత్ర ఆయన మరణానంతరమే లోకానికి తెలిసింది.

ఆక్రమిత పోలండులోని ఆష్‌విట్జ్ శిబిరంలో సుమారు 11 లక్షల మంది హతులయ్యారు. అక్కడ పనిచేసిన 22 మందిపై 1963 డిసెంబరు 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో విచారణ ఆరంభమైంది. 350 మందికి పైగా సాక్షులు వచ్చారు. శిబిరమంతా ఒకే హత్యాయంత్రమనీ, దానిని నడిపిన ప్రతివాడూ హత్యలో భాగస్వామి అనీ బావర్ వాదం. న్యాయస్థానం అంగీకరించలేదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో విడివిడిగా రుజువు కావాలన్నది. అయినవారి అస్థికలైనా దక్కని సాక్షులు తేదీలూ వేళలూ గుర్తుతెచ్చుకోవలసి వచ్చింది. 1965 ఆగస్టులో 17 మందికి శిక్షలు పడ్డాయి. వారిలో ఆరుగురికి యావజ్జీవం. ముగ్గురు నిర్దోషులుగా బయటపడ్డారు.

1968 జూలై 1న బావర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోని తన నివాసంలో నిర్జీవంగా కనిపించారు. అదే సంవత్సరం జరిగిన చట్ట సవరణతో, హత్యలకు తోడ్పడిన వారిపై అనేక కేసులు కాలదోషం పట్టి వీగిపోయాయి. శిబిరంలో పనిచేయడమే నేరంలో పాలుపంచుకోవడమన్న వాదాన్ని 2011లో మ్యూనిక్ న్యాయస్థానం ఆమోదించి, సోబిబోర్ శిబిరపు కాపలాదారు డెమ్యాన్యుక్‌కు శిక్ష విధించింది. అప్పటికి ముద్దాయి వయసు 91 సంవత్సరాలు.