ఒడ్డున నిలిచిన దొరగారు



కీర్తిశేషులైన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారిని గూర్చి చెప్పునప్పుడు మన పెద్దలు 1878వ సంవత్సరము జూలై 3వ తేదీతోనే మొదలుపెట్టుదురు. ఆ ఒక్క దినమున ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ లెక్క మన సండేస్కూలు పిల్లలకు కూడ కంఠపాఠమే. మేము ఈ నెల ఆ లెక్కకు పండ్రెండేండ్ల ముందు జరిగిన సంగతిని చెప్పదలచితిమి. నదిలో దిగినవారు మారుమనస్సు పొందిరని అందరు ఎరుగుదురు. ఒడ్డున నిలిచిన దొరగారు సహితము మారవలసి వచ్చెనని మనలో అనేకులు ఎరుగరు.

దొరగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో పుట్టిరి. కుటుంబము బ్రతుకుదెరువు వెదకుకొనుచు పడమటికి తరలిపోయెను. చిన్న వయస్సులోనే ఆయన మిన్నెసోటా అడవులలో సర్కారు భూములు కొలుచు సర్వేయర్లతో చేరి గొలుసు పట్టి తిరిగెను. తరువాత అయోవా రాష్ట్రములో మిస్సిసిపీ నది ఒడ్డునున్న బర్లింగ్టను పట్టణములో చదువుకు చేరెను. అక్కడనే ప్రభువును ఎరిగెను.

ఆ కాలమున ఆ నది పొడవునను ఒకే ప్రశ్న. మనిషిని మనిషి సంతలో కొనవచ్చునా? అయోవాలో దాస్యము లేదు. దిగువనున్న మిస్సోరిలో ఉన్నది. బర్లింగ్టనుకు సుమారు నూరు మైళ్ల దిగువను హానిబల్ అను ఊరిలో, దొరగారికంటె సుమారు ఏడున్నర నెలలు పెద్దవాడైన శామ్యూల్ క్లెమెన్స్ అనువాడు బానిసల నడుమ పెరిగెను. లోకము ఆయనను మార్క్ ట్వేన్ అను పేరుతో ఎరుగును. ఆయన వ్రాసిన హకల్‌బెరీ ఫిన్ అను నవల 1884లో ఇంగ్లండులోను, మరుసటి యేడు అమెరికాలోను వెలువడెను. మన కథకు అది అవసరము గనుక నాలుగు మాటలలో చెప్పుదుము.

హక్ ఒక త్రాగుబోతు కొడుకు. తండ్రి దెబ్బలకు తాళలేక పారిపోవును. జిమ్ అను నల్లజాతి బానిసయు, యజమానురాలు తన్ను దూరదేశమునకు అమ్మబోవుచున్నదని విని పారిపోవును. ఇద్దరు ఒకే తెప్పమీద నదిలో పోవుచుందురు. ఒక రాత్రి మంచులో విడిపోయి మరల కలిసినప్పుడు, హక్ జిమ్‌ను ఆట పట్టించి అదంతయు కలయని నమ్మించును. నిజము తెలిసికొని జిమ్ నొచ్చుకొనును. ఒక బానిసను క్షమాపణ అడుగుటకు ఆ పిల్లవానికి పావుగంట పట్టినది. అయినను అడిగెను. మా దృష్టికి ఆ పుస్తకములో ఇదే గొప్ప ఘట్టము. తరువాత వాని మనస్సాక్షి వానిని గద్దించును. పరుల సొత్తయిన బానిసను దాచుట పాపమని వాడు గుడిలోను ఊరిలోను నేర్చుకొన్నవాడు. యజమానురాలికి చీటీ వ్రాయును. కాని జిమ్ తనయెడల చూపిన ప్రేమ గుర్తుకు రాగా, తాను నరకమునకు పోవుదునని నమ్ముచునే ఆ చీటీని చింపివేయును.

సహోదరులారా, ఇక్కడ ఆగి ఆలోచింపుడి. ఆ పిల్లవాని మనస్సాక్షిని వంకర చేసినది ఎవరు? బోధకులే. పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రికను చూపి బానిసత్వమును సమర్థించినవారు ఆ దేశపు ప్రసంగపీఠములమీద ఉండిరి. దాసుడైన ఒనేసిమును ప్రియ సహోదరునిగా చేర్చుకొనుమని వేడుకొన్న పత్రిక అది! బానిసలు గలవానిని మిషనెరీగా పంపవచ్చునా అను వాదము మీదనే 1845లో అమెరికా బాప్టిస్టులు ఉత్తరము, దక్షిణము అని రెండుగా చీలిరి. మన తెలుగు మిషను ఉత్తరపు వారిది. అంతర్యుద్ధము ముగియక మునుపే, 1864 చివరను, క్లౌ దొరగారును ఆయన భార్య హారియెట్ దొరసానిగారును ఓడ ఎక్కిరి. వారు నెల్లూరులో తెలుగు అక్షరములు దిద్దుకొనుచున్న 1865 డిసెంబరులో అమెరికాలో దాస్యము చట్టముచేత రద్దయ్యెను.

బానిసత్వమును విసర్జించిన సంఘమువారు పంపిన మనుష్యుడు గదా, మన దేశపు కులమును చూచినవెంటనే దానిని తృణీకరించి యుండునని తలంతుము. అట్లు జరుగలేదు. 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరినప్పుడు ఆయన ఆలోచన నాటి మిషనెరీలు అనేకుల ఆలోచనయే. మొదట అగ్రవర్ణములవారిని సంపాదింపవలెను, తక్కినవారు వారి వెంట వత్తురు. అందుకే వారి పిల్లలకు బడి పెట్టెను. ఊరి పెద్దలు దానికి సంతోషించిరి. అది దురాలోచన కాదు. లోకజ్ఞానము గలవాడు ఎవడైనను చేయు ఆలోచనయే.

అప్పుడు యర్రగుంట్ల పేరయ్యగారు వచ్చిరి. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, తాళ్లకొండపాడు గ్రామవాసి. దేవుని వెదకుటలో ఆయన దొరగారికంటె ముందే చాల దూరము నడిచినవాడు. యోగమార్గమును అభ్యసించెను, విగ్రహములను విడిచెను. వ్యాపారముకొరకు ఉత్తరమున ఏలూరు వైపు పోయినప్పుడు సువార్త విని, తాను వెదకినది ఇదేయని గ్రహించి, ఇంటికి వచ్చి తనవారికి చెప్పుచుండెను. ఆయనయు భార్య నాగమ్మగారును బాప్తిస్మము పొందిరి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిది మందితో ఏర్పడెను. అదే నెలలో దొరగారు తాళ్లకొండపాడు వెళ్లగా 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా నుండిరి. వారిని సిద్ధపరచినది దొరగారు కాదు, పేరయ్యగారే.

ఒంగోలులో కలవరము పుట్టెను. మాదిగలను చేర్చుకొన్నయెడల మేము మీ దగ్గరకు రామని అగ్రవర్ణములవారు తెగేసి చెప్పిరి. బడి పోవును, పేరు పోవును, అనుకొన్న పని అంతయు పోవును. దొరగారు ఏమి చేయుటకును తోచక తన గదిలో ఒక బైబిలు తీసి తెరవగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగము కనబడెను. పెద్దలనిపించుకొనువారిని విడిచి లోకము లెక్కలో లేనివారిని దేవుడు పిలుచుకొన్న సంగతి అక్కడ ఉన్నది. వేరొక గదిలో దొరసానిగారును అదే భాగమును తీసి చదువుచుండిరి. ఇద్దరు ఒకరికొకరు చెప్పుకొన్నప్పుడు ఇక సందేహము లేకపోయెను. మాదిగలు సంఘములోనికి వచ్చిరి. అగ్రవర్ణముల పిల్లలు బడి విడిచిరి.

ఈ కథను చెప్పువారు బైబిలు తెరచుకొన్న ఆశ్చర్యముదగ్గరనే ఆగుదురు. యొప్పేలో మిద్దెమీద పేతురు చూచిన దర్శనమును జ్ఞాపకము చేసికొనుడి. దుప్పటి మూడు మారులు దిగినను ఆయనకు అర్థము కాలేదు. వాకిట కొర్నేలీ మనుష్యులు నిలిచిన తరువాతనే అర్థమాయెను. దొరగారి వాకిట పేరయ్యగారు నిలువనియెడల ఆ పుట తెరచుకొన్నను ఏమి లాభము?

తరువాతి పని సులభము కాలేదు. విగ్రహములకు మ్రొక్కము, ఆదివారము పని చేయము, చచ్చిన గొడ్డు మాంసము తినము అని మాదిగలు నిలువగా గ్రామాధికారులు కన్నెఱ్ఱ చేసిరి. వెట్టి చేయువాడు ఒక దినము చేయననుట ఊరికి కొత్త. బావులదగ్గరకు రానీయలేదు. మన మెట్ట సీమలో బావి మూయుట అనగా ఏమో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

1876 మొదలు 1878 వరకు గొప్ప కరువు. దొరగారు చిన్ననాడు నేర్చిన సర్వే పని అప్పుడు అక్కరకు వచ్చెను. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి, గంజి దొరకునట్లు చేసెను. పనిమీద అజమాయిషీ చేసినవారు ఆయన తెలుగు బోధకులే. ఆ కాలమంతయు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కూటికొరకు కలిసిరన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సహాయము నిలిచిపోయెనని తెలిసిన తరువాత కూడ జనులు వచ్చిరి. జూలై 2, 3, 4 తేదీలలో మూడువేల ఐదువందలమందికి పైగా బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్క మారు ఇద్దరు చొప్పున, నీటిలో దిగి ఇచ్చిరి. దొరగారు నీటిలో దిగలేదు. నల్లమలలో పుట్టి కంభము చెరువు నింపి మన మార్కాపురము సీమను తడిపి పోవు ఏటిలో, నిన్నటివరకు అంటరానివారనబడినవారి చేతులమీదుగా ఆ పని జరిగెను.

దొరగారు గెలువలేనిదియు ఒకటి ఉన్నది. ఒంగోలు సంఘములు మాదిగల సంఘములైనందున మాలలు చాలవరకు దూరముగా నిలిచిరి. మన పడమటి భాగములో గిద్దలూరు, నంద్యాల వైపు ఆంగ్లికను మిషనువారి దగ్గర ఎక్కువమంది మాలలు చేరిరి. మార్కాపురము, కంభము వైపు బాప్టిస్టులలో ఎక్కువమంది మాదిగలు చేరిరి. సిద్ధాంతభేదమని మనము చెప్పుకొనునది అనేక చోట్ల పల్లెకును గూడెమునకును మధ్యనున్న పాత గట్టే. నేటికిని సంఘము పేరు చెప్పగానే కులము తెలిసిపోవు ఊర్లు మన మధ్య ఉన్నవి. పెండ్లి మాటలు వచ్చినప్పుడు ఏ వాక్యమును తెరచుచున్నాము?

ట్వేన్ నవల చివరి అధ్యాయములలో జిమ్ పిల్లల ఆటకు బొమ్మయై పోవునని విమర్శకులు తప్పు పట్టిరి. న్యాయమైన మాటయే. మన మిషను చరిత్రలలో పేరయ్యగారి గతియు కొంత అట్లే ఉన్నది. దొరగారి పేర జనులు పుస్తకములు చదువుదురు, ఆసుపత్రులు ఎరుగుదురు. పేరయ్యగారు సహాయకుడుగా ఒక వాక్యములో కనబడి మాయమగుదురు. ఈ లోపమును కొంతవరకు తీర్చినది దొరగారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ దొరసానిగారు. ఆమె మాదిగ పెద్దలయొద్ద వారి పాత కథలు, వారు వెదకిన మార్గములు విని, 1899లో ఒక గ్రంథము వెలువరించెను. పేరయ్యగారికి యోగము నేర్పిన గురువు వీరమ్మ అను స్త్రీయని మనకు తెలిసినది ఆ గ్రంథమువలననే.

దొరగారు 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టరు పట్టణములో ప్రభువునందు నిద్రించిరి. మార్క్ ట్వేన్ అదే యేటి ఏప్రిలులో గతించెను. దొరగారు చెప్పగా ఎమ్మా దొరసానిగారు వ్రాసిన జీవితచరిత్ర 1914లో అచ్చయ్యెను. అందులో పేరయ్యగారు ఒక వాక్యముతో మాయము కాలేదు.